పాత విమానాల ఫోటోలు: మా వైజాగ్ బీచ్ రోడ్డు మీద రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

నేవీ వాళ్ల రిహార్సల్స్ మొదలై బీచ్ రోడ్డు మీద హెలికాప్టర్ చప్పుడు వినపడితే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. అక్కా ఏ లెన్స్ తేవాలి, మేడమ్ షట్టర్ ఎంత పెట్టాలి, ఎక్కడ నిలబడితే బాగా వస్తాయి అని. చెప్పిందే చెప్తున్నా కాబట్టి ఈసారి కూర్చుని రాసేస్తున్నా. నాకు తిండి పెట్టేది పెళ్లిళ్ల ఫోటోలు, ప్రాణం మాత్రం విమానాలు, అందులోనూ పాతవి, ఫ్యాన్ తిరిగేవి.

అపోహ: షట్టర్ ఎంత ఫాస్ట్‌గా పెడితే ఫోటో అంత బాగొస్తుంది

జెట్ అయితే నిజమే. హాక్ వచ్చినా మిగ్-29కే వచ్చినా షట్టర్ 1/1600, 1/2000 (అంటే సెకన్‌లో అన్నో వంతు) పెట్టుకుని కొట్టేయండి, బయట తిరిగేది ఏమీ ఉండదు కాబట్టి ఏ ఇబ్బందీ లేదు. ప్రొపెల్లర్ విమానానికీ హెలికాప్టర్‌కీ అదే సెట్టింగ్ ఉంచేశారంటే ఫోటో పోయినట్టే.

నాకు ఈ సంగతి మా అన్నయ్య కొడుకు నేర్పాడు. కొన్నేళ్ల కిందట నేవీ డెమోలో చేతక్ హెలికాప్టర్ ఒకటి తక్కువ ఎత్తులో సముద్రం మీద నుంచి వెళ్తుంటే 1/2000లో కొట్టా, తలుపు అంచు, లోపల పైలట్ హెల్మెట్, అన్నీ సూదితో గీసినట్టు వచ్చాయి. సంబరంగా ఇంటికెళ్లి వాడికి చూపించా. వాడప్పటికి ఆరేళ్లవాడు, కాసేపు చూసి "అత్తా, దీన్ని ఎక్కడ వేలాడదీశారు?" అన్నాడు. మళ్లీ చూస్తే నిజమే, మూడు రెక్కలూ కదలకుండా కర్రల్లా నిలబడి ఉన్నాయి, గాల్లో ఉన్న హెలికాప్టర్ రెక్కలు అలా ఆగితే ఏమవుతుందో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఆ ఫోటో ఇప్పటికీ దాచుకున్నా.

ఇది అర్థం కావాలంటే ఎయిర్ షో దాకా ఆగక్కర్లేదు, ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ చాలు. మన ఫ్యాన్ ఫుల్‌లో పెడితే నిమిషానికి 350 చుట్లు పైచిలుకు తిరుగుతుంది, చేతక్ పైనున్న రోటర్ కూడా ఇంచుమించు 350 చుట్లే, పైగా రెండిటికీ మూడు రెక్కలే. అంటే చేతక్ మీ హాల్లోనే వేలాడుతోంది అనుకోండి. పగలు కిటికీ తెరిచి కింద పడుకుని 1/1000లో ఒకటి కొట్టండి, ఆ టైంలో రెక్క జరిగేది రెండు డిగ్రీలే, ఫ్యాన్ ఆగిపోయినట్టే వస్తుంది. 1/60కి దించండి, 35 డిగ్రీలు తిరుగుతుంది, రెక్క చివర పలచబడి గాల్లో కలిసిపోతున్నట్టు కనపడుతుంది. 1/30కి ఇంకా అందంగా ఉంటుంది. మా స్టూడియోకి పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలందరికీ మొదటిరోజు ఈ ఫ్యాన్ పాఠమే చెప్తా.

ప్రొపెల్లర్లు ఇంతకన్నా చాలా జోరుగా తిరుగుతాయి కాబట్టి మరీ అంత కిందకి వెళ్లక్కర్లేదు. డకోటా అనే పాత రవాణా విమానాన్నే తీసుకోండి, మామూలు వేగంలో వెళ్తున్నప్పుడు దాని ప్రొపెల్లర్ నిమిషానికి 1150 చుట్ల దగ్గర ఉంటుంది, 1/1000లో ఏడు డిగ్రీలు, 1/125లో 50 డిగ్రీలు దాటిపోతుంది. మూడు రెక్కల మధ్య ఖాళీ 120 డిగ్రీలు కదా, అంటే దాదాపు సగం నిండుతుంది, ఆ నిండిన పలచటి చక్రం మీద ఎండ పడితే వచ్చే మెరుపు ఉంటుందే, పాత విమానం ఫోటోకి ప్రాణం అక్కడుంది. కాబట్టి లెక్క ఇంతే, ప్రొపెల్లర్‌కి 1/125 నుంచి 1/250, హెలికాప్టర్‌కి 1/60 నుంచి 1/125.

అలా పెడితే విమానమే షేక్ అయిపోతోంది అక్కా అంటారు. అవుతుంది. నాకూ వంద కొడితే ఆరేడే నిలుస్తాయి, ఇన్నేళ్లు చేశాక కూడా. అందుకే ప్యానింగ్, అంటే విమానంతో పాటే కెమెరా తిప్పుతూ కొట్టడం, నేర్చుకోవాలి. విమానం ఎక్కడికి వచ్చాక క్లిక్ చేయాలనుకుంటున్నారో పాదాలు అటు పెట్టండి, అది వచ్చే వైపుకి నడుం పైభాగం మాత్రమే తిప్పండి, మోచేతులు డొక్కలకి ఆనించండి, దూరంగా ఉన్నప్పుడే వ్యూఫైండర్‌లో పట్టుకుని దాంతో పాటే తిరుగుతూ రండి, క్లిక్ అయ్యాక కూడా తిరగడం ఆపకండి. చాలామంది బటన్ నొక్కగానే ఆగిపోతారు, ఫోటో అక్కడే చెడుతుంది. లెన్స్‌లో స్టెబిలైజేషన్ (వణుకు తగ్గించేది) మోడ్ 2 ఉంటే అది పెట్టండి, ఫోకస్ కంటిన్యూయస్‌లో ఉంచండి. షోలో మొదటి రౌండ్ 1/500లో కొట్టి నాలుగు ఫోటోలు భద్రం చేసుకోండి, తర్వాత 320, 200, 125 అని మెట్టు మెట్టుగా దిగండి, ఒకేసారి కిందకి దూకితే చేతికి ఏమీ మిగలదు.

ప్రాక్టీస్‌కి బీచ్ రోడ్డు మీద వెళ్లే సిటీ బస్సులు, ఆటోలు ఉన్నాయి. అవి కుదిరాక ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లండి, చేపల కోసం తిరిగే గద్దలని 1/125లో పట్టుకోగలిగితే ఏ విమానానికీ భయపడక్కర్లేదు.

అపోహ: వింటేజ్ విమానాలు ఫారిన్‌లోనే ఎగురుతాయి, మన దగ్గర ఏముంది

ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. ఎయిర్ ఫోర్స్‌కి వింటేజ్ ఫ్లైట్ అని ఉంది, అందులో టైగర్ మాత్, హార్వర్డ్, డకోటా ఉన్నాయి. ఆ డకోటా తుక్కులో పడి ఉన్నదాన్ని బాగు చేయించి తెచ్చింది, 2018లో మన ఎయిర్ ఫోర్స్ చేతికొచ్చింది, పేరు పరశురామ. 2021, 2022 రిపబ్లిక్ డే ఫ్లైపాస్ట్‌లు రెండిట్లోనూ ఎగిరింది, ఒకసారి రెండు ఎమ్ఐ-17లతో, ఒకసారి రెండు డోర్నియర్‌లతో.

అంతదూరం ఎందుకు, మన నెత్తి మీద తిరిగే చేతక్ సంగతేంటి? అది ఫ్రాన్స్ వాళ్ల అలూయెట్-3 డిజైన్, మొదటిసారి ఎగిరింది 1959లో. 1960ల నుంచి బెంగళూరులో హెచ్ఏఎల్ వాళ్లు తయారు చేశారు. మా అమ్మ కన్నా పెద్దది, ఇంకా డ్యూటీలో ఉంది! రాబోయే రోజుల్లో ఒక్కొక్కటే తగ్గిపోతాయి, తర్వాత మ్యూజియంలోనే చూడాలి, అందుకే అది కనపడితే మాత్రం జెట్‌ని వదిలేసి దాని వెనకే వెళ్తా. యూహెచ్-3హెచ్ విషయంలో ఇదే జరిగింది. మన ఊళ్లోని నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా నుంచి లేచి మన ఊరి మీద తిరిగిన పెద్ద హెలికాప్టర్, 2009 నుంచి పనిచేసి 2024లో రిటైరైంది. నా దగ్గర దాని ఫోటోలు పదికి మించి లేవు, ఎప్పుడూ ఉంటుందిలే అనుకున్నా.

ఇంకోటి, నేవీ డే మెయిన్ షో ఇప్పుడు ప్రతిసారీ వైజాగ్‌లోనే ఉండట్లేదు, 2023లో సింధుదుర్గ్, 2024లో పూరీ వెళ్లింది. అందుకని ఇక్కడ ఏ డెమో జరిగినా రిహార్సల్స్‌కి కూడా తప్పకుండా వెళ్లండి, జనం తక్కువ, విమానాలు అవే.

అపోహ: ఎక్కడ నిలబడినా ఒకటే, ముందు వరస దొరికితే చాలు

కాదు. ఆర్కే బీచ్‌లో సముద్రం ఆగ్నేయానికి ఉంది. పొద్దున్న పూట సముద్రం వైపు తిరిగితే ఎండ మన మొహం మీదే, విమానం నల్లటి మచ్చలా వస్తుంది. డెమోలు మామూలుగా సాయంత్రం పెడతారు, అది మన అదృష్టం, అప్పుడు ఎండ కుడి భుజం వెనక నుంచి వస్తుంది. ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉంది. డాల్ఫిన్స్ నోస్ వైపు నుంచి కైలాసగిరి వైపు వెళ్లే విమానానికి ఎండ తోక మీద పడుతుంది, అదే తిరిగి వచ్చేటప్పుడు ముక్కు మీద, కాక్‌పిట్ అద్దం మీద, ప్రొపెల్లర్ మీద పడుతుంది. మొదటిసారి వెళ్లేటప్పుడు చూసి ఫోకస్ సరిచేసుకుని, తిరిగొచ్చేటప్పుడు మనసుపెట్టి కొట్టండి.

డిసెంబర్‌లో మనకి ఐదున్నరలోపే సూర్యుడు వెళ్లిపోతాడు, ఐదింటికే బీచ్ రోడ్డు బిల్డింగుల నీడ ఇసుక మీద పరుచుకుంటుంది. జెట్‌ల కోసం అప్పటికి ఐఎస్ఓ (కెమెరా వెలుతురుని పట్టే స్థాయి) పెంచక తప్పదు. ప్రొపెల్లర్‌కి మాత్రం మనం ఎలాగూ స్లో షట్టర్‌లోనే ఉంటాం కాబట్టి ఆ వెలుతురు కూడా సరిపోతుంది. ఆకాశం తెల్లగా ఉంటే కెమెరా మోసపోయి విమానాన్ని చీకటి చేసేస్తుంది, ఎక్స్‌పోజర్ ప్లస్ ఒకటి దాకా పెంచుకోండి.

అపోహ: 600 ఎంఎం లెన్స్ లేకపోతే రావడం దండగ

70-300 ఎంఎం లెన్స్‌తో నేను ఆరేళ్లు కొట్టా. మధ్యాహ్నం వేడెక్కిన ఇసుక మీదా రోడ్డు మీదా గాలి అలలు అలలుగా లేస్తుంది, దూరంగా ఉన్న విమానాన్ని ఆ గాలిలోంచి లాగి తెచ్చుకుంటే ఎంత ఖరీదు లెన్సైనా వణికిన గీతలే ఇస్తుంది. పైగా పెద్ద లెన్స్‌తో స్లో షట్టర్ ప్యానింగ్ కొత్తవాళ్లకి చాలా కష్టం. అద్దెకి తెచ్చుకునే డబ్బులు ఉంటే రెండో బ్యాటరీ కొనుక్కోండి.

అపోహ: ఫోన్‌లో ప్రొపెల్లర్ వంకరగా వస్తే ఫోన్ పాడైనట్టు

ఫోన్ బాగానే ఉంది. ఫోన్ సెన్సార్ బొమ్మ మొత్తాన్ని ఒక్కసారి పట్టుకోదు, వరస తర్వాత వరస చదువుకుంటూ వెళ్తుంది, చివరి వరస చదివేలోపు రెక్క ఇంకోచోటికి వెళ్లిపోతుంది, అందుకే అరటిపండులా వంగి కనపడుతుంది. మిర్రర్‌లెస్ కెమెరాలు చాలావాటిలో సైలెంట్ మోడ్ పెట్టినా ఇదే గోల, కాబట్టి మెకానికల్ షట్టర్‌కి మార్చుకోండి. ఫోన్ వాళ్లు విమానం వెళ్లే దారిని వీడియో తీసుకోండి, హాయిగా ఉంటుంది.

డ్రోన్ గురించి ఒక్క ముక్క. డ్రోన్‌తో పైనుంచి తీస్తే అదిరిపోద్ది అనేవాళ్లు ప్రతిసారీ ఒకరు తగులుతారు. వద్దు. నేవీ ఏరియా చుట్టూ డ్రోన్ నిషేధం, తక్కువ ఎత్తులో వచ్చే హెలికాప్టర్‌కి అది తగిలితే మనుషులు పోతారు. అదే కారణంతో ముంత మసాలా పొట్లాలు కూడా ఇసుకలో పారేయకండి, కాకులు, గద్దలు దిగుతాయి, పక్షి తగిలినా ప్రమాదమే.

అపోహ: షో అయ్యాక లెన్స్ తుడిచి బ్యాగ్‌లో పెట్టేస్తే సరిపోతుంది

ఒకసారి నేను చున్నీతో తుడిచా. అద్దం మీద పడిన తుంపర ఆరి ఉప్పు గింజ అయింది, అది గుడ్డ కింద ఇసుకలా పనిచేసి ఫిల్టర్ మీద ఇంత పొడుగు గీత పెట్టింది, ఫిల్టర్ కాబట్టి సరిపోయింది. ముందు బ్లోవర్‌తో ఊదండి, తర్వాత కొంచెం తడి చేసిన మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది తీయండి, చివర్లోనే పొడిగుడ్డ. ఏసీ కారులోంచి దిగగానే బ్యాగ్ తెరిచినా మన ఊరి తేమకి లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది, ఓ అరగంట ముందే వచ్చి బ్యాగ్ మూసే ఉంచండి.

అపోహ: బ్లాక్ అండ్ వైట్ చేస్తే వింటేజ్ లుక్ వస్తుంది

విమానం పాతది, కాలం పాతది కాదు. ఆ డకోటా తోక దగ్గర వీపీ 905 అని నంబర్ రాసి ఉంటుంది. 1947 అక్టోబర్ 27న ఫస్ట్ సిఖ్ బెటాలియన్ సైనికులని శ్రీనగర్‌లో దింపిన మొదటి డకోటా నంబర్ అది, దాని గుర్తుగా దీనికి పెట్టారు. పక్కన మన మూడు రంగుల గుర్తు. ఆ రంగులు తీసేసి గోధుమరంగు పూసేస్తే అది ఎవరి విమానమో తెలియకుండా పోతుంది. వైట్ బ్యాలెన్స్ కూడా సాయంత్రం ఎండ ఎలా ఉందో అలాగే వదిలేస్తా.

అపోహ: మ్యూజియంలో నిలబెట్టిన విమానంలో తీయడానికి ఏముంటుంది

బీచ్ రోడ్డు మీద మ్యూజియంగా నిలబెట్టిన మన నేవీ పాత నిఘా విమానం టీయూ-142 ముందు రోజూ వేలమంది సెల్ఫీ తీసుకుంటారు, దాని ప్రొపెల్లర్‌ని నిలబడి చూసేవాళ్లు తక్కువ. ఒక్కో ఇంజిన్‌కి ముందు నాలుగు రెక్కలు, వెనక నాలుగు రెక్కలు, ముందువి ఒకవైపు తిరిగితే వెనకవి ఎదురువైపు. నాలుగు ఇంజిన్లకి మొత్తం 32 రెక్కలు. జెట్‌లా వెనక్కి వాలిన పక్క రెక్కలు (వింగ్స్) పెట్టుకుని ప్రొపెల్లర్‌తో గంటకి 900 కిలోమీటర్ల పైన వెళ్లిన విమానం ఇది, 1988 నుంచి 2017 దాకా నేవీలో 29 ఏళ్లు, 30,000 గంటలు ఒక్క ప్రమాదం లేకుండా. 50 మీటర్ల పైన పొడవు, దగ్గరికెళ్లి ఫోన్ వైడ్‌లో పెడితే ముక్కు ఉబ్బి తోక చిక్కి ఏదోలా వస్తుంది. పొద్దున్నే వాకింగ్ కోసం బీచ్ రోడ్డు మీద బళ్లు ఆపేస్తారు కదా, అప్పుడు వెళ్లి రోడ్డుకి అవతల, కురుసుర సబ్‌మెరైన్ వైపు దాకా వెనక్కి జరిగి 50, 70 ఎంఎంలో తీయండి. సముద్రం మీద నుంచి వచ్చే ఎండ తిన్నగా దాని మీదే పడుతుంది.

తర్వాత లోపలికి వెళ్లినరోజు మొత్తం విమానాన్ని వదిలేసి ఒక్క ప్రొపెల్లర్ దగ్గర నిలబడండి. ముందు రెక్కల సందులోంచి వెనక రెక్కలు కనపడేలా కొంచెం పక్కకి జరగండి. రెక్క అంచు ఎక్కడ సన్నబడుతుందో, ఉప్పుగాలికి పెయింట్ ఎక్కడ పొంగిందో, రివెట్ల వరస ఎక్కడ వంపు తిరుగుతుందో అక్కడ ఫోకస్ పెట్టండి. ఇక్కడ మాత్రం షట్టర్ మీ ఇష్టం.