బంగారు పుట్టలో వేలు: ‘కథ నాదే’ గొడవకు మూలం ఎక్కడ?

పెద్ద సినిమా విడుదలకు వారం ముందో వెనుకో ఒక రచయిత ముందుకొచ్చి ‘ఆ కథ నాది’ అంటాడు. ఫలానా ఏడాది, ఫలానా ఆఫీసులో కూర్చుని మొదటి నుంచి చివరిదాకా వినిపించానంటాడు. అవతలివారి జవాబు ఒక్క ముక్కలో ఉంటుంది: ‘ఇది తాతల నాటి జానపద కథ, దీని మీద ఎవరికీ హక్కు లేదు.’ ఈ మధ్య ఈ జవాబుకు పాండిత్యం కూడా తోడైంది. లోకంలో అసలు కథలు గుప్పెడేనని, మిగతావన్నీ వాటి మారువేషాలేనని, పండితులే ఆ సంగతి తేల్చారని చెబుతున్నారు. గొడవ మళ్ళీ రాజుకుంది కాబట్టి పండితులు ఏం చేశారో, కోర్టు ఏమన్నదో ఒకసారి తిరగేయక తప్పదు.

పంచతంత్రం పాత పారశీకమైన పహ్లవీలోకి, అరబ్బీలోకి, అక్కడి నుంచి ఐరోపాకు ఎలా వెళ్ళిందో అందరూ రాసిందే. దాన్ని వదిలేద్దాం. ఇప్పటి తగవుకు పనికొచ్చేది కథలకు అంకెలు వేసిన పని. ఫిన్లాండ్ పరిశోధకుడు ఆంటీ ఆర్నె 1910లో జానపద కథలను రకాలుగా విడగొట్టి ఒక్కో రకానికి ఒక్కో సంఖ్య ఇచ్చాడు. అమెరికాకు చెందిన స్టిత్ థాంప్సన్ 1928లోనూ, తిరిగి 1961లోనూ ఆ పట్టికను పెంచాడు. జర్మన్ పండితుడు ఉథర్ 2004లో దాన్ని సంస్కరించాడు. ఆర్నె పట్టికను థాంప్సన్ మొదటిసారి పెంచిన 1928లోనే రష్యాలో వ్లదీమిర్ ప్రాప్ అద్భుత కథల్లో జరిగే పనులు 31కి మించవని లెక్క తేల్చాడు.

వీళ్ళ పట్టికలు దేనికి పనికొస్తాయో మన ఇంటి కథతోనే చూడవచ్చు. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు వెళ్ళి ఏడు చేపలు తెచ్చారు. అందులో ఒకటి ఎండలేదు. గడ్డిమేటు అడ్డం వచ్చింది, ఆవు మేయలేదు, పాలేరు మేపలేదు, అవ్వ అన్నం పెట్టలేదు, పిల్లవాడు ఏడ్చాడు, చీమ కుట్టింది. ఇలాంటి గొలుసు కథలకు ఆ పట్టికలో 2000 నుంచి మొదలయ్యే సంఖ్యలు ఇచ్చారు. పంది దడి దాటనంటే కుక్కనూ, కర్రనూ, నిప్పునూ వరసగా బతిమాలుకున్న ఇంగ్లీషు ముసలమ్మ కథ 2030. మన చేప ఆ జాతిదే. గొలుసు ఎవరి సొత్తూ కాదు. ‘నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?’ అన్న చీమ జవాబు మాత్రం మరే దేశపు గొలుసు కథ నుంచీ తెచ్చుకున్నది కాదు. పట్టిక చేసినవాళ్ళు వెతికింది అస్థిపంజరాల పోలిక. రక్తమాంసాలు ఎవరివన్న తగవులో వాళ్ళు ఎన్నడూ తీర్పు చెప్పలేదు. చిన్నయసూరి 1853లో నీతిచంద్రిక వేసినప్పుడు అందులోని పంచతంత్రపు సింహమూ ఎద్దూ ఆయనవి కావు. ఆ వచనం ఆయనది కాదనగలవాడు తెలుగునాట ఉన్నాడా?

ఇక అసలు మలుపు. నా లెక్కలో ఈ గొడవంతా 1978 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పిన ఒక్క తీర్పు చుట్టూనే తిరుగుతోంది. దాన్ని ఉదహరించేవారిలో చాలామంది మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతారు.

ఢిల్లీలో ఆర్.జి. ఆనంద్ అని ఒక ఆర్కిటెక్టు. నాటకాలు రాసి ఆడించేవాడు. 1953లో ‘హమ్ హిందుస్తానీ’ రాశాడు. పక్కపక్క ఇళ్ళలో ఒక పంజాబీ కుటుంబం, ఒక మద్రాసీ కుటుంబం. ఇరు ఇళ్ళ పిల్లలు ప్రేమించుకుంటే అప్పటిదాకా కలిసిమెలిసి ఉన్న పెద్దలకు ప్రాంతం గుర్తొస్తుంది. 1954లో నాటకం ఆడింది, పేరొచ్చింది. సినిమా తీసే ఆసక్తి ఉందని బొంబాయి నుంచి సినీ దర్శకుడు మోహన్ సెహగల్ ఉత్తరం రాశాడు. 1955 జనవరిలో ఢిల్లీ వచ్చాడు. ఆనంద్ తన ఆఫీసులోనే నాటకమంతా చదివి వినిపించాడు. తరువాత కబురు లేదు. 1956లో సెహగల్ సినిమా ‘న్యూ ఢిల్లీ’ వచ్చింది. అందులో పంజాబీ అబ్బాయి, మద్రాసీ అమ్మాయి, ప్రాంతాల పట్టింపు.

ఆఫీసు గది, ఒకరు చదవడం, ఒకరు వినడం, ఆపైన మౌనం. హైదరాబాద్‌లో ఏ రచయితను కదిలించినా చెప్పేది ఇదే కదా!

కింది కోర్టులో ఆనంద్ ఓడిపోయాడు. 1967లో ఢిల్లీ హైకోర్టులోనూ ఓడిపోయాడు. సుప్రీంకోర్టులో జస్టిస్ ఫజల్ అలీ ప్రధాన తీర్పు రాస్తూ ఏడు సూత్రాలు పెట్టారు. మొదటిది అందరికీ కంఠతా వచ్చు: ఊహకు, ఇతివృత్తానికి, కథాంశానికి, చారిత్రక లేదా పురాణ విషయాలకు కాపీరైటు లేదు. నిర్మాతల తరపు లాయర్లకు ఇది తారకమంత్రం. అదే సూత్రం రెండో సగంలో రక్షణ దేనికో కూడా ఉంది: ఆ ఊహను చెప్పిన రూపానికి, తీరుకు, అమరికకు. ఆ తరువాతి సూత్రాల్లోనే, రెండూ చూసిన మామూలు ప్రేక్షకుడికి రెండోది మొదటిదానికి నకలేనని నిస్సందేహంగా అనిపిస్తే అది ఉల్లంఘనే అన్న కొలత కూడా ఉంది. టీవీ చర్చల్లో ఈ సగాన్ని ఎవరూ ఎత్తరు.

ఆనంద్ ఎందుకు ఓడిపోయాడంటే, నాటకం ప్రాంతీయ పట్టింపును పెళ్ళి విషయంలో మాత్రమే చూపింది. సినిమాలో అదనంగా పరాయి ప్రాంతంవాడికి ఇల్లు అద్దెకివ్వకపోవడం, దానికోసం హీరో మద్రాసీ వేషం కట్టడం, వరకట్నం చేరాయి. కాబట్టి ఇది వేరే కృతి అన్నది కోర్టు. చదువుతున్నప్పుడు ఒక చిక్కు తోస్తుంది. అరువు తెచ్చిన ఇంటికి రెండు గదులు కలిపితే ఇల్లు సొంతమవుతుందా?

నిర్మాతల వైపు న్యాయం లేదనలేం. ఒకే ఊహ ఇద్దరికీ రావచ్చు. తప్పిపోయిన అన్నదమ్ములు, పగ తీర్చుకునే కొడుకు ఎవరి జాగీరూ కాదు. విడుదల ముందురోజు నోటీసు పంపి బేరానికి దిగేవాళ్ళూ ఉన్నారు. 2003లో ఇంగ్లీషు నవలా రచయిత్రి బార్బరా టేలర్ బ్రాడ్‌ఫోర్డ్ ఒక హిందీ సీరియల్ మీద కలకత్తా హైకోర్టుకు వెళ్ళినప్పుడు, పేదపిల్ల కష్టపడి పైకొచ్చే కథ మీద గుత్తాధిపత్యం కుదరలేదు.

అదే ఏడాది బొంబాయి హైకోర్టులో తేలిన వ్యవహారం మన చర్చల్లో అంతగా వినపడదు. సన్‌డయల్ కమ్యూనికేషన్స్ అనే సంస్థ బాలకృష్ణుడి ఊహ ఆధారంగా ఒక సీరియల్ పథకం తయారుచేసి జీ టెలిఫిల్మ్స్ ముందు పెట్టింది. అది కుదరలేదు. తరువాత జీ సొంతంగా అలాంటి సీరియల్‌కే పూనుకుంది. కృష్ణుడు అందరివాడు కదా అన్నారు. నిజమే, కృష్ణుడు అందరివాడే. కానీ ఆ ఊహను పెంచి, ఒక ఆకారం ఇచ్చి, నమ్మకంతో వినిపించినదాన్ని విన్నవారు వాడుకోకూడదని కోర్టు నిషేధాన్ని నిలబెట్టింది. ఇక్కడ పనిచేసింది కాపీరైటు ఒక్కటే కాదు, రహస్యంగా చెప్పినదాన్ని కాపాడాల్సిన బాధ్యత కూడా. ఆనంద్ తన ఆఫీసులో నాటకం చదివి వినిపించిన 48 ఏళ్ళకు, కథ విన్నవాడికీ కొంత బాధ్యత ఉందని ఒక కోర్టు ఒప్పుకుంది. సినీ రచయితల సంఘంలో స్క్రిప్టు నమోదు చేసుకుంటే చాలనుకునే రచయితలు ఎవరికి, ఏ రోజున, ఏం వినిపించారో కూడా రాసి పెట్టుకోవాల్సింది ఇందుకే.

1978 తీర్పుకు జస్టిస్ పాఠక్ విడిగా రాసిన చిన్న అభిప్రాయం ఒకటుంది. ఫలితంతో ఏకీభవించారు. రెండు కోర్టులు ఒకే నిర్ధారణకు వచ్చాక వాస్తవాలను తిరగదోడలేమన్నారు. అయితే ఒక మాట కూడా చేర్చారు: ఇంకొకరి శ్రమను వాడుకోదలచినవాడు తన కృతిని మొదటిదానికన్నా విశాలంగా పెంచవచ్చు, రెండింటికీ ఉమ్మడిగా ఉన్నచోట నకలు కనబడకుండా కొన్ని మార్పులు చేయవచ్చు. ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగిన ఆనంద్‌కు సుప్రీంకోర్టులో దక్కింది ఆ ఒక్క పేరానే.