వెంట్రుకకు తన పొడవు తెలియదు

తొమ్మిదో తరగతికి జీవశాస్త్రం చెబుతున్న రోజుల్లో ఒక అమ్మాయి లేచి నిలబడి అడిగింది. "సార్, మా నాన్న నెలకోసారి క్రాపు చేయించుకుంటారు. చేతుల మీది వెంట్రుకలు మాత్రం పుట్టినప్పటి నుంచీ కత్తిరించుకోలేదు. మరి అవి పెరిగి పెరిగి వేళ్ల దాకా ఎందుకు రాలేదు?" తరగతి అంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. తర్వాత "అది వాటి స్వభావం" అని తేల్చేసి బోర్డు వైపు తిరిగాను. సమాధానం తెలియని మాస్టారికి బోర్డును మించిన ఆపద్బాంధవుడు లేడు. ఆ రోజు బోర్డు మీద చర్మం నిలువుకోత బొమ్మ ఉంది. స్వేదగ్రంథి, తైలగ్రంథి, రోమకూపం, అన్నిటికీ బాణం గుర్తులు పెట్టి పేర్లు రాశాను. ఆ బొమ్మలో లేనిదల్లా కాలం. ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు సరిగ్గా అక్కడే ఉంది.

వెంట్రుక కెరటిన్ అనే ప్రొటీన్‌తో తయారవుతుందనీ, దానిలో గంధకం ఉండటం వల్ల కాలితే ఆ కంపు వస్తుందనీ, మెలనిన్ వల్ల నలుపనీ ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతుంది. అవన్నీ అక్కడే ఉండనిద్దాం. ప్రశ్నను మాత్రం ఇంకొంచెం బిగిద్దాం. చేతి మీద వెంట్రుకను గొరిగేస్తే మళ్లీ వస్తుంది. వచ్చి, మునుపటి పొడవు దగ్గరే ఆగుతుంది. అంటే "ఇంత చాలు" అని దానికి ఎవరో చెప్పాలి. ఎవరు చెబుతారు? చర్మం బయట కనిపించే వెంట్రుక మృత పదార్థం. దానిలో రక్తం లేదు, నరం లేదు. చివరన కత్తెర పడిందో లేదో, చర్మం లోపల దాన్ని పుట్టించే కుదురుకు కబురు అందే దారే లేదు. అందుకే వెంట్రుక తన పొడవును కొలుచుకోలేదు. కుదురుకు తెలిసింది ఒక్కటే, తాను ఎన్నాళ్లు పని చేయాలన్నది.

ప్రతి కుదురుకూ సొంత గడియారం ఉంది. పెరిగే దశ, ముడుచుకునే దశ, విశ్రాంతి దశ, ఆ తర్వాత మళ్లీ మొదటికి. తల మీద కుదురు పెరిగే దశలో 2 నుంచి 6 ఏళ్లు ఉంటుంది. ముడుచుకోవడానికి రెండు మూడు వారాలు, విశ్రాంతికి సుమారు 3 నెలలు. కనుబొమ మీద కుదురు పెరిగేది మహా అయితే రెండు మూడు నెలలు. కనురెప్ప మీది దానికి అంతకంటే తక్కువ. ఇక లెక్క చూడండి. తల వెంట్రుక రోజుకు సుమారు 0.35 మిల్లీమీటర్లు, అంటే నెలకు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఆరేళ్ల గడియారం ఉన్న తలలో అది 70 సెంటీమీటర్లు దాటి, నడుము దాకా జడ అవుతుంది. కనుబొమ వెంట్రుక రోజుకు 0.16 మిల్లీమీటర్ల చొప్పున రెండు నెలలు పెరిగితే ఒక్క సెంటీమీటరు. కనుబొమ ఎక్కడ ఆగాలో తెలిసి ఆగలేదు, గడువు అయిపోయి ఆగింది. చేతి వెంట్రుకదీ అదే కథ. మోకాళ్ల దాకా జడ ఉన్నావిడను ఏ నూనె రాస్తారని అడుగుతాం. ఆమె కుదుళ్ల గడువు ఎనిమిదేళ్లో పదేళ్లో అయి ఉంటుంది. నూనె చేసే మేలు ఆ పొడవు చిట్లిపోకుండా కాపాడటం వరకే.

లెక్కలోకి ఎలాగూ దిగాం కాబట్టి ఇంకొకటి. తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కోదానికి సగటున మూడేళ్ల ఆయువు అనుకుంటే దాదాపు వెయ్యి రోజులు. లక్షను వెయ్యితో భాగిస్తే రోజుకు వంద. దువ్వెనకు చుట్టుకున్న వెంట్రుకలను చూసి బెంగపడేవాళ్లకు వైద్యులు "రోజుకు వంద దాకా రాలడం మామూలే" అనేది ఈ భాగహారం మీద నిలబడిన మాటే. రాలిన వాటి సంగతి అలా ఉంచి పెరిగిన వాటిని కలిపితే, లక్ష వెంట్రుకలు రోజుకు 0.35 మిల్లీమీటర్ల చొప్పున మొత్తం 35 మీటర్లు. మీరు రాత్రి పడుకుని పొద్దున్న లేచేసరికి మీ తల పది మీటర్లకు పైగా నూలు వడికి ఉంటుంది.

రాలిన వెంట్రుకను ఒకసారి దగ్గరగా చూడండి. తెల్లకాగితం మీద పెట్టి వెలుతురులో చూస్తే ఒక కొసన ఆవగింజలో పదో వంతు ఉండే తెల్లటి గుండు కనిపిస్తుంది. "కుదురుతో సహా ఊడి వచ్చేసింది" అని గుండె బాదుకునేది దాన్ని చూసే. అది కుదురు కాదు. విశ్రాంతి దశలో వెంట్రుక అడుగుభాగం గట్టిపడి గద తలలా మారుతుంది, అంతే. అసలు కుదురు చర్మంలోనే భద్రంగా ఉండి, చాలాసార్లు అప్పటికే కొత్త వెంట్రుకను మొదలుపెట్టి ఉంటుంది.

ఆ కుదురు లోపల జరిగేది నాకు ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు. అడుగున రక్తనాళాలు చేరే చిన్న బొడిపె ఒకటి ఉంటుంది. దాన్ని డెర్మల్ పాపిల్లా అంటారు. దాని చుట్టూ ఉన్న కణాలు శరీరంలో అతి వేగంగా విభజన చెందే కణాల్లో ఒకటి. అవి పైకి తోసుకువెళ్తూ, కెరటిన్ నింపుకుని, చచ్చి, వెంట్రుక అవుతాయి. గడువు తీరగానే ఎఫ్‌జీఎఫ్-5 అనే సంకేత ప్రొటీన్ "ఇక చాలు" అంటుంది. అప్పుడు కుదురు కింది మూడింట రెండు వంతుల భాగం తనను తానే చంపుకుంటుంది. కణాలు వరుసగా ఆత్మహత్య చేసుకుంటాయి. గూడు కుంచించుకుపోతూ బొడిపెను పైకి లాక్కువస్తుంది. వెంట్రుకను నిక్కబొడిపించే చిన్న కండరం అతుక్కునే చోట, కుదురు గోడలో ఒక ఉబ్బు ఉంది. కొత్త కణాలను పుట్టించే మూలకణాల (స్టెమ్ సెల్స్) నివాసం అది. అవి కుదురు అట్టడుగున ఉంటాయని అంతకుముందు నమ్మేవారు, ఉబ్బులో ఉన్నాయని 1990లో తేలింది. బొడిపె ఆ ఉబ్బు దగ్గరికి చేరాక కొన్నాళ్లు అంతా నిశ్శబ్దం. బీఎంపీ అనే సంకేతాలు మూలకణాలను నిద్రపుచ్చుతాయి. వాటి బలం తగ్గి, వింట్ అనే సంకేతాలు పెరిగినప్పుడు మూలకణాలు మేల్కొని కిందికి దిగుతూ కొత్త కుదురును కడతాయి. సగానికి పైగా కూల్చుకుని, తిరిగి కట్టుకుని, మళ్లీ కూల్చుకునే అవయవం మన ఒంట్లో మరొకటి ఇంత తరచుగా కనిపించదు. దాన్ని మనం పదో తరగతి పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న చేశాం.

ఇక్కడే ఆకుకూర మడికీ వరి చేనుకూ ఉన్న తేడా చెప్పాలి. పెరట్లో తోటకూర మడి ఉందనుకోండి. రోజూ ఓ గుప్పెడు పీకుతాం, పీకిన చోట విత్తనం చల్లుతాం. మడి ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది. వరి చేను అలా కాదు. అంతా ఒకేసారి నాటి ఒకేసారి కోస్తారు. కోతల మర్నాడు చూస్తే మోళ్లు. మన తల తోటకూర మడి. పక్కపక్కనే ఉన్న రెండు కుదుళ్ల గడియారాలు కూడా కలవవు. ఏ రోజు చూసినా 85 నుంచి 90 శాతం వెంట్రుకలు పెరుగుతూ, మిగతావి దాదాపు అన్నీ విశ్రాంతిలో ఉంటాయి. రోజుకు వంద పోయినా అద్దంలో తెలియదు. చలిదేశాల జంతువులు చాలావరకు వరి చేలు. పగటి పొడవు మారడాన్ని మెదడు గమనిస్తుంది, హార్మోన్లు మారతాయి, గడియారాలన్నీ ఒక్కసారి గంట కొడతాయి. వసంతంలో చలికాలపు బొచ్చు పెళ్లలు పెళ్లలుగా ఊడిపోతుంది.

మన జీవితంలోనూ తల వరి చేనయ్యే సందర్భాలున్నాయి. మొదటిది పుట్టుక. కుదుళ్లన్నీ తల్లి కడుపులో అయిదో నెలకే తయారవుతాయి. ఆ తర్వాత కొత్తవి పుట్టవు. అన్నీ దాదాపు ఒకేసారి పని మొదలుపెట్టాయి కాబట్టి తొలిసారి గడువులు కూడా దగ్గరదగ్గరగా తీరతాయి. తల వెనుక భాగంలోని కుదుళ్లు ప్రసవం నాటికి విశ్రాంతిలోకి వెళ్తాయి. బిడ్డకు మూడో నెల వచ్చేసరికి అక్కడ బోడిగా కనిపిస్తుంది. పడుకోబెట్టి పడుకోబెట్టి అరిగిపోయిందంటాం. తర్వాత పుట్టువెంట్రుకలు తీయిస్తాం. గుండు తర్వాత వచ్చే జుట్టు ఒత్తుగా, నల్లగా ఉంటుంది, దాంతో గొరిగిస్తే ఒత్తుగా వస్తుందని రూఢి అయిపోతుంది. మొక్కు మీ ఇష్టం, దానితో నాకు పేచీ లేదు. కానీ ఆ సన్నటి తొలి జుట్టు ఎలాగూ పోయేదే, ముదురు జుట్టు ఎలాగూ వచ్చేదే. గొరగడం వల్ల వెంట్రుక మందం మారదని అమెరికా శరీర నిర్మాణ శాస్త్రవేత్త మిల్డ్రెడ్ ట్రాటర్ 1928లోనే కొలిచి చూపింది. గొరిగిన వెంట్రుక కొస మొద్దుగా తెగి ఉంటుంది కాబట్టి చేతికి గరుకుగా తగులుతుంది. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడం అన్న మాట ఇక్కడ నూటికి నూరుపాళ్లు అతికింది.

రెండోది కాన్పు. గర్భిణిగా ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల గడువు తీరాల్సిన కుదుళ్లు కూడా పొడిగింపు పొందుతాయి. అందుకే అప్పుడు జడ లావుగా ఉంటుంది. ప్రసవంతో ఆ పొడిగింపు రద్దవుతుంది. ఆగి ఉన్నవన్నీ కలిసి విశ్రాంతిలోకి వెళ్తాయి. విశ్రాంతి మూడు నెలలు కదా, మూడు నెలలయ్యాక కలిసి రాలతాయి. సరిగ్గా ఆ సమయానికే బిడ్డ మొహం గుర్తుపట్టి నవ్వడం మొదలుపెడుతుంది. "బిడ్డ నవ్వు నేర్చింది, తల్లి జుట్టు పట్టుకుపోయింది" అనేది మా అమ్మమ్మ. కారణం తప్పయినా, ముహూర్తం ఎంత కచ్చితంగా పట్టిందో!

మూడోది జ్వరం. టైఫాయిడో డెంగీయో వచ్చి తగ్గుతుంది. ఆ దెబ్బకు చాలా కుదుళ్లు గడువుకు ముందే పని ఆపేస్తాయి. జుట్టు అప్పుడు రాలదు. సెప్టెంబరులో జ్వరం వస్తే డిసెంబరులో గుప్పెళ్లు గుప్పెళ్లుగా వస్తుంది. అప్పటికి జ్వరాన్ని అందరూ మరిచిపోయి ఉంటారు. నేరం కొత్త షాంపూ మీదో, కొత్తగా దిగిన ఇంట్లోని బోరు నీళ్ల మీదో పడుతుంది. తర్వాత ఏదో నూనె కొంటారు, ఆరు నెలల్లో జుట్టు తిరిగి వస్తుంది, కీర్తి నూనెకు దక్కుతుంది. కుదుళ్లు తమ మానాన తాము మేల్కొన్నాయంటే ఎవరు నమ్ముతారు? కీమోథెరపీ సంగతి వేరు. ఆ మందులు విభజన చెందుతున్న కణాలనే కొడతాయి కాబట్టి, పెరుగుతున్న 90 శాతం వెంట్రుకలకు మూడు నెలల వాయిదా దొరకదు. రెండు మూడు వారాల్లోనే రాలిపోతాయి. కనుబొమలు చాలామందిలో ఆలస్యంగానో తక్కువగానో పోతాయి, ఎందుకంటే వాటి కుదుళ్లలో ఎక్కువ భాగం ఎప్పుడూ విశ్రాంతిలోనే ఉంటాయి.

గడువు తీర్చే ఎఫ్‌జీఎఫ్-5 దగ్గరికి మళ్లీ వద్దాం. 1994లో, దాన్ని తయారుచేయించే జన్యువును చెడగొట్టిన ఎలుకలకు బొచ్చు పొడవుగా పెరిగింది. పెరుగుదల వేగం మారలేదు. ఆపమని చెప్పేవాడు లేక గడియారం కొన్ని రోజులు ఎక్కువ నడిచింది, అంతే. ఆ తర్వాత వెతికితే పొడవు బొచ్చు కుక్కల్లోనూ పిల్లుల్లోనూ అదే జన్యువులో మార్పులు కనిపించాయి. కనురెప్పల వెంట్రుకలు విపరీతంగా పొడవు పెరిగే కొన్ని కుటుంబాల్లో కూడా అదే జన్యువు చెడి ఉందని 2014లో తేలింది. ఊరకుక్కను ఎవరూ క్షౌరానికి తీసుకువెళ్లరు, పూడిల్ కుక్కకు మాత్రం క్రాపు తప్పదు. ఒకదాని గడియారం ఆగుతుంది, ఇంకోదానిది చాలాకాలం ఆగదు.

గొర్రె కథ ఇంకా విచిత్రం. అడవి గొర్రె ఏటా తన బొచ్చును తానే రాల్చుకుంటుంది. వేల ఏళ్లుగా మనిషి రాల్చని వాటిని ఏరి ఏరి పెంచాడు. ఫలితం మెరినో అనే ఉన్ని గొర్రె జాతి. 2015లో ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రా దగ్గర తప్పిపోయి తిరుగుతున్న క్రిస్ అనే మెరినో గొర్రెకు కత్తెర వేస్తే 41.1 కిలోల ఉన్ని వచ్చింది. అది నడవడానికే అవస్థ పడుతోంది. మన దగ్గర రెండు రకాలూ ఉన్నాయి. తెలంగాణ కురుమలు గొంగడి నేసేది దక్కనీ గొర్రె నల్ల ఉన్నితో. నెల్లూరు గొర్రెకు ఉన్నే లేదు, మేకలా పొట్టి వెంట్రుకలతో ఎండలో హాయిగా మేస్తుంది. మాంసం ధర పెరిగి మందల్లోకి నెల్లూరు పొట్టేళ్లు వచ్చిన కొద్దీ గొంగడికి ఉన్ని కరువైంది. ఆ కరువు కూడా, ఒక రకంగా, కుదుళ్ల తీరు మారడమే.

గడియారం ఉన్నది చర్మం మీద స్థానంలోనా, కుదురులోనా అన్నది మిగిలింది. దీనికి సాక్ష్యం శస్త్రచికిత్స ఇచ్చింది. కనుబొమలు పోయినవాళ్లకు తల వెనుక నుంచి కుదుళ్లు తీసి అక్కడ నాటుతారు. అవి కనుబొమ చోటుకు వచ్చినా తల గడియారాన్నే వెంట తెచ్చుకుంటాయి. పెరుగుతూనే ఉంటాయి. వాళ్లు నెలకు ఒకటి రెండు సార్లయినా కనుబొమలకు కత్తెర వేసుకోవాల్సిందే. గడియారాన్ని మందుతో కదపవచ్చని గ్లకోమా అనే కంటి జబ్బు ఉన్న రోగులు యాదృచ్ఛికంగా నిరూపించారు. కంట్లో ఒక రకం చుక్కలు వేసుకునేవాళ్ల రెప్పవెంట్రుకలు పొడవు కావడం చూసి, 2008లో అమెరికాలో ఆ మందునే రెప్పల కోసం అనుమతించారు.

మందు లేకుండా కదిలే గడియారాలూ ఉన్నాయి. వయసు మీరే కొద్దీ మగవాళ్లలో ఒకే హార్మోను నెత్తి మీద గడువును ఏడాదికేడాది కత్తిరిస్తూ, కనుబొమల్లోనూ చెవుల్లోనూ పొడిగిస్తుంది. నా బట్టతల మీద కుదుళ్లు చాలావరకు ఇంకా ఉన్నాయి. వాటికి దొరికే కొద్దిపాటి వ్యవధిలో కంటికి ఆనని నూగు తప్ప మరేదీ పూర్తికాదు. పోయిన నెల క్షౌరశాలలో కుర్రవాడు నెత్తి మీద పని రెండు నిమిషాల్లో ముగించాడు. తర్వాత నన్ను అడగకుండానే దువ్వెన అడ్డం పెట్టి కనుబొమలు కత్తిరించడం మొదలుపెట్టాడు. తెల్లగా, వంకరగా, రెండు సెంటీమీటర్లున్న వెంట్రుక ఒకటి ఒళ్లో పడింది. ఆ అమ్మాయి చిరునామా నా దగ్గర లేదు గానీ, ఉంటే దాన్ని కవరులో పెట్టి పంపేవాణ్ని.