ట్రంపెట్ వాల్వ్ ఆయిల్: బ్యాండువాళ్లలో ఉన్న అపోహలు, అసలు వాస్తవాలు

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే నా దగ్గరికి రిపేరుకొచ్చే ట్రంపెట్లలో చాలావాటిది ఒకటే బాధ: "వాల్వ్ పట్టేస్తోందన్నా, నొక్కితే పైకి లేవట్లేదు." విప్పి చూస్తే ఒకదాంట్లో కుట్టుమిషన్ నూనె, ఇంకోదాంట్లో కొబ్బరినూనె. వాల్వ్ లోపల పైకీ కిందికీ జారే పిస్టన్ మీద గోధుమరంగు జిగురు పొరలా పట్టి ఉంటుంది. ఎన్నేళ్లయినా పనిచేయాల్సిన పిస్టన్లు ఇలా పాడైపోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. వాయించేవాళ్ల తప్పేం లేదు, వాళ్లకు ఎవరూ చెప్పలేదు. అందుకే రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. మనం వాడే ట్రంపెట్ పిస్టన్ వాల్వ్ రూపం 1839లో పారిస్‌లో పెరినే అనే వాయిద్యాల తయారీదారు చేసినదాని నుంచి వచ్చింది. పిస్టన్‌కీ, అది కదిలే గొట్టానికీ (కేసింగ్ అంటాం) మధ్య ఉండే సందు మంచి వాయిద్యంలో తలవెంట్రుక మందం కూడా ఉండదు. ఆయిల్ ఆ సందులో రెండు పనులు చేస్తుంది. పిస్టన్ సాఫీగా జారేలా చూస్తుంది, గాలి పక్కకు తప్పించుకోకుండా ఆ సందును మూస్తుంది. రెండో పని చాలామందికి తెలియదు. ఆయిల్ ఎంచుకోవడంలో అసలు కిటుకు అక్కడే ఉంది.

అపోహ: నూనె ఏదైనా నూనే, జారితే చాలు.

కుట్టుమిషన్ నూనె వాల్వ్ ఆయిల్ కంటే చిక్కన. వేసిన రోజు బాగానే ఉంటుంది. స్పీడు పాటలో వేళ్లు పరిగెత్తేటప్పుడు మాత్రం పిస్టన్ ఒక్క క్షణం ఆలస్యంగా లేస్తుంది, స్వరం తప్పుతుంది. కొబ్బరినూనె సంగతి చెప్పక్కర్లేదు. 24 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలవుతుంది. డిసెంబరు పొద్దున సీసాలో తెల్లగా బిగుసుకున్న నూనెను చూసే ఉంటారు, వాల్వ్‌లోనూ జరిగేది అదే. మిగతా వంటనూనెలు గాలి తగిలేకొద్దీ జిగురు కడతాయి. తుప్పు వదలడానికి కొట్టే స్ప్రేలో ఎక్కువ భాగం ద్రావకమే. అది ఆవిరైపోతే మిగిలే పల్చటి పొర పిస్టన్‌కి చాలదు.

కిరోసిన్ గురించి మాత్రం పాతవాళ్లు చెప్పింది పూర్తిగా తప్పు కాదు. పెట్రోలియంతో చేసే వాల్వ్ ఆయిళ్లు చాలావరకు బాగా శుద్ధిచేసి వాసన తీసేసిన అలాంటి పల్చటి నూనెలే. కానీ దీపానికి, స్టవ్‌కి వాడే కిరోసిన్ అంత శుద్ధమైనది కాదు. త్వరగా ఆవిరైపోతుంది, పైగా దాని వాసన మన నోటికీ ముక్కుకీ దగ్గరలోనే ఉంటుంది. వద్దు.

అపోహ: పల్చటి ఆయిలే అన్నిటికంటే స్పీడు, అదే కొనాలి.

కొత్త ట్రంపెట్‌కి నిజమే, సందు తక్కువ కాబట్టి పల్చటిదే సరిపోతుంది. ఏళ్ల తరబడి ఊరేగింపుల్లో అరిగిన ట్రంపెట్‌కి అదే ఆయిల్ వేస్తే సందు మూయలేదు, గాలి జారిపోతుంది. వాయించేవాడు "ఊపిరి సరిపోవట్లేదు" అనుకుంటాడు. లోపం ఊపిరిది కాదు. యమహాలో లైట్, రెగ్యులర్, వింటేజ్ అనీ, హెట్‌మన్‌లో 1, 2, 3 అంకెలతోనూ మందాన్ని బట్టి వేరుగా అమ్మేది ఇందుకే. మేలో నలభై దాటే ఎండలో మధ్యాహ్నం ఊరేగింపు ఉంటే పల్చటి పెట్రోలియం ఆయిల్ మరీ త్వరగా ఆరిపోతుంది. అలాంటి పనికి నేను సింథటిక్ (కృత్రిమంగా తయారుచేసిన నూనె) రెగ్యులరే ఇస్తాను. కాస్త ధర ఎక్కువే, కానీ నిలబడుతుంది.

మీ ట్రంపెట్ ఎంత అరిగిందో ఇంట్లోనే చూసుకోవచ్చు. ఆయిల్ వేసిన పిస్టన్లు పెట్టి, మొదటి వాల్వ్ నొక్కకుండా దాని స్లైడ్‌ని (వాల్వ్‌కి తగిలించి ఉండే, లాగితే జరిగే వంపు గొట్టం) పూర్తిగా ఊడిరాకుండా కొంచెం బయటకు లాగండి. నాలుగైదు సెకన్లు ఆగి వాల్వ్ నొక్కండి. "టప్" అని గట్టిగా శబ్దం వస్తే సందు బాగున్నట్టు. అసలు శబ్దమే రాకపోతే చిక్కటి ఆయిల్‌కి మారండి. మూడో వాల్వ్‌కీ ఇలాగే చూడండి. పరీక్షకు తప్ప మామూలుగా స్లైడ్ తీసేటప్పుడు ఆ వాల్వ్ నొక్కే తీయాలి.

అపోహ: వాల్వ్ పట్టేసిందంటే ఆయిల్ చాలలేదు, ఇంకా పోయాలి.

ఎక్కువసార్లు కారణం మురికి. పాత ఆయిల్, ఊరేగింపు దుమ్ము, మధ్యమధ్యలో తాగిన కూల్‌డ్రింకు చక్కెర కలిసి పేరుకుపోతాయి. కింది మూత విప్పి చూడండి, నల్లగా, పచ్చగా మడ్డి కనిపిస్తుంది. దానిమీద ఎంత పోసినా లాభం లేదు, ఇంకా లోపలికి పాకుతుంది. కడగడానికి గోరువెచ్చని నీళ్లు, నాలుగు చుక్కల గిన్నెల సబ్బు, నూలు ఊడని బట్ట చాలు. పిస్టన్ పైనుండే ఫెల్టు, కార్కు తడవనివ్వకండి. ఇత్తడి సామాన్లు తోమే పాలిష్ పిస్టన్‌కి తగలనివ్వద్దు. అది మురికితోపాటు లోహాన్నీ తీసుకుపోతుంది, సందు పెరుగుతుంది, దాన్ని మళ్లీ పూడ్చడం చాలా ఖర్చుతో కూడిన పని.

రెండో వాల్వ్ ఒక్కటే పట్టేస్తోందా? అప్పుడు ఆయిల్‌ని కాదు, పక్కకు పొడుచుకొచ్చిన ఆ చిన్న స్లైడ్‌ని అనుమానించండి. వ్యానులో దానిమీద బరువు పడినా, ట్రంపెట్‌ని ఆ వైపు ఆనించి పడేసినా ఆ దెబ్బ నేరుగా రెండో కేసింగ్‌కి తగులుతుంది. కంటికి కనిపించని చిన్న నొక్కు చాలు, పిస్టన్ బిగుస్తుంది. ట్రంపెట్ కింద పెట్టాల్సి వస్తే ఆ స్లైడ్ పైకి ఉండేలా పెట్టండి. నొక్కు పడితే మాత్రం పిస్టన్‌ని బలవంతంగా తిప్పకండి, గరుకు కాగితంతో రుద్దకండి, రిపేరువాళ్లకు చూపించండి.

అపోహ: కింది మూత రంధ్రంలోంచి వేస్తే విప్పే పని ఉండదు.

అలా వేస్తే ఆయిల్ కింది మురికిని పైకి తోస్తుంది. పైమూత విప్పి పిస్టన్‌ని సగందాకా నిటారుగా లాగి మూడు నాలుగు చుక్కలు వేసి, అటూ ఇటూ కాస్త తిప్పి దింపండి. గైడు (పిస్టన్ పక్కన పొడుచుకొచ్చి ఉండే చిన్న ముక్క) గాడిలో "టిక్" అని కూర్చోవాలి. దించాక ఊదితే గాలి పోవట్లేదంటే పిస్టన్ సరిగా కూర్చోలేదనో, ఒకదాని బదులు ఇంకోటి పెట్టారనో అర్థం. పిస్టన్ మీద అంకె ఉంటుంది, అది చూసి పెట్టండి.

అపోహ: ఉమ్మి పూస్తే అప్పటికి చాలు.

అప్పటికి చాలు, నిజమే. రేపటికి మాత్రం లోపల పచ్చటి పాచిలా తుప్పు మొదలవుతుంది.

ఇక ఆయిల్ బ్రాండు మారుస్తుంటే, ముఖ్యంగా పెట్రోలియం నుంచి సింథటిక్‌కి వెళ్తుంటే, మొదట పిస్టన్లు, కేసింగ్ పూర్తిగా కడిగి ఆరబెట్టాకే కొత్తది వేయండి. రెండూ కలిస్తే కొన్నిసార్లు జిగటగా మారతాయి. స్లైడ్లకు వాల్వ్ ఆయిల్ వేయకండి, వాటికి గ్రీజే. ఆ గ్రీజు కూడా అంచుకు మిగిలింది తుడిచేయండి, లేకపోతే అది లోపలికి జారి వాల్వ్ మళ్లీ పట్టేస్తుంది. సీసాను పిల్లలకు అందకుండా పెట్టండి. పల్చటి పెట్రోలియం నూనె మింగితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. అలా జరిగితే వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.