వాసనను మరిపించే ఎంజైమ్

పది సెంటీమీటర్ల ప్లేటులో జెల్లీలాంటి అగర్ పోసి గడ్డకట్టనిస్తారు. ఒక అంచున బ్యూటనోన్ అనే వాసన రసాయనం కలిపిన ఆల్కహాల్ చుక్క, ఎదురుగా ఉత్త ఆల్కహాల్ చుక్క వేస్తారు. రెండు చోట్లా కాస్త సోడియం అజైడ్ కూడా పెడతారు, చేరిన పురుగు మళ్లీ కదలకుండా అక్కడే పడి ఉండటానికి. ఆ రెంటికీ సమాన దూరంలో పురుగులను వదులుతారు. ఒక్కోటి మిల్లీమీటరు పొడవు. గంట తర్వాత లెక్కపెడితే చాలావరకు బ్యూటనోన్ దగ్గరే ఉంటాయి.

ఇప్పుడు మరో గుంపును తీసుకుని, తిండి పెట్టకుండా గంటకు పైగా ఆ బ్యూటనోన్ వాసనలోనే ఉంచి, అప్పుడు ప్లేటు మీద వదిలితే అవి దాన్ని పట్టించుకోవు. ముక్కు పాడైందా అంటే అదీ కాదు. వెన్న వాసన వేసే డయాసిటైల్ పెడితే చకచకా అటు పాకుతాయి. అంటే ఆ ఒక్క వాసనకే అలవాటు పడ్డాయన్నమాట. అగరొత్తి వెలిగించిన గదిలో కాసేపు కూర్చుంటే మనకూ ఇలాగే అవుతుంది కదా.

ఈ పురుగు పేరు సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్. స్కూళ్లలో పిల్లలకు మాత్రలు వేసి పోగొట్టే నులిపురుగులకు ఇది దూరపు చుట్టం, అన్నీ నెమటోడ్లు అనే గుండ్రటి పురుగుల వర్గమే. కానీ ఇది ఎవరి కడుపులోనూ చేరదు. కుళ్లిన పండ్లలో బ్యాక్టీరియా తింటూ బతుకుతుంది. కళ్లు లేవు, చెవులు లేవు కాబట్టి తిండి ఎక్కడుందో ఎక్కువగా వాసనే చెప్పాలి. 1960ల్లో కేంబ్రిడ్జ్‌లో సిడ్నీ బ్రెన్నర్ దీన్ని పరిశోధనకు ఎంచుకున్నారు. మొత్తం నాడీకణాలు 302. ప్రతిదానికీ పేరుంది.

తల దగ్గర ఏడబ్ల్యూసీ అనే జంట నాడీకణాలుంటాయి. బ్యూటనోన్‌ను పసిగట్టేది వాటిలో ఒకటి. వాసన తగిలినప్పుడు ఈ కణం శాంతించి, వాసన పోయినప్పుడు ఉలిక్కిపడుతుంది. మనం అనుకునేదానికి సరిగ్గా తలకిందులు!

వాసన అనగానే అందరూ దాన్ని పట్టుకునే ప్రొటీన్లైన గ్రాహకాల గురించే చెబుతారు. వాటి వెనక పనిచేసే ఎంజైమ్‌లకు రావలసినంత పేరు రాలేదని నాకనిపిస్తుంది. ఏడబ్ల్యూసీలో ఓడీఆర్-1 అనే ఎంజైమ్ సైక్లిక్ జీఎంపీ అనే చిన్న అణువును తయారుచేస్తుంది. కణం గోడలోని ద్వారాలను తెరిచేది ఆ అణువే. ఈజీఎల్-4 అనేది మరో ఎంజైమ్. సైక్లిక్ జీఎంపీ మాట విని, ఇతర ప్రొటీన్లకు ఫాస్ఫేట్ తగిలించడం దాని పని. నోయెల్ లెట్వాల్, కోర్నీలియా బార్గ్‌మన్ బృందం 2002లో చూసిందేమిటంటే, ఈజీఎల్-4 చెడిన పురుగులు ఎంతసేపు వాసనలో ఉంచినా అలవాటు పడవు. వాసన తగిలిన ప్రతిసారీ కొత్తగా చూసినట్టే పరిగెత్తుతాయి.

అరగంట వాసనకు వచ్చే అలవాటు తాత్కాలికం, త్వరగానే పోతుంది. ఇందుకు కణం గోడలోని ఆ ద్వారంలో ఫాస్ఫేట్ తగిలే చోటు చెక్కుచెదరకుండా ఉండాలి. గంట దాటితే కథ వేరు. ఈజీఎల్-4 కణంలోని కేంద్రకంలోకి దూరుతుంది. పురుగు శరీరం గాజులా పారదర్శకం, పైగా ఈ ఎంజైమ్‌కు మెరిసే ప్రొటీన్ తగిలిస్తే బతికున్న పురుగులోనే ఆ మెరుపు కేంద్రకంలోకి చేరడం మైక్రోస్కోపులో కనిపిస్తుంది. లెట్వాల్ బృందం 2010లో ఇంకో అడుగు వేసింది. ఎంజైమ్ ఎప్పుడూ కేంద్రకంలోనే ఉండేలా మార్చిన పురుగులను తయారుచేసింది. అవి ఆ వాసనను అంతకుముందు ఎన్నడూ చూడకపోయినా, దానికి ఎప్పుడో అలవాటు పడినట్టే ప్రవర్తించాయి. ఈ ప్రయోగం గురించి చదివిన రోజు చాలాసేపు దాని గురించే ఆలోచిస్తూ ఉండిపోయాను. ఒక అణువు ఏ గదిలో ఉందన్నదే జ్ఞాపకం అయిపోయింది!

కేంద్రకంలో అది చేసే పని 2013లో కొంత తేలింది. చిన్న ఆర్ఎన్ఏల సాయంతో ఓడీఆర్-1 జన్యువు నోరు నొక్కేస్తుంది. ఒక ఎంజైమ్ వెళ్లి ఇంకో ఎంజైమ్ తయారీని తగ్గించడం అన్నమాట.

పురుగు ముక్కును మార్చే ఎంజైమ్‌లన్నీ దాని సొంతం కానక్కర్లేదు. 2020లో పియాలి సేన్‌గుప్తా బృందం ప్రొవిడెన్సియా అనే బ్యాక్టీరియాను తిన్న పురుగులను పరీక్షించింది. పేగులో చేరిన ఆ బ్యాక్టీరియా తన ఎంజైమ్‌తో టైరమీన్ అనే నాడీ సంకేత అణువును తయారుచేస్తుంది. పురుగు ఎంజైమ్ దాన్ని ఆక్టోపమీన్ అనే మరో సంకేత అణువుగా మారుస్తుందని ప్రయోగాలు సూచించాయి. అది ఏఎస్‌హెచ్ అనే నాడీకణం మీద పనిచేస్తుంది. మామూలుగా పురుగులు దూరంగా పారిపోయే ఆక్టనాల్ వాసన అంటే వీటికి వెనకటంత విముఖత ఉండదు. ఆ పురుగుల ముందు రకరకాల బ్యాక్టీరియా తిండి పెడితే, అవి ప్రొవిడెన్సియా వైపే ఎక్కువగా వెళ్లాయి.