8 మెర్కుల కౌలు 60 అయ్యాక: స్కాట్లాండ్ రైతులు ఊళ్లెందుకు వదిలారు?

1774లో షెట్లాండ్ దీవుల్లోని లెర్విక్ రేవులో కస్టమ్స్ అధికారులు వలస పోతున్న రైతులను ఒక్కొక్కరినే పిలిచి వాంగ్మూలం తీసుకున్నారు. పేరేమిటి, వయసెంత, ఏ దొర భూమి చేసేవాడివి, ఎందుకు పోతున్నావు? వాళ్లంతా అంతకు ముందు సెప్టెంబరులో స్కాట్లాండ్ ఉత్తర కొసనున్న థర్సో నుంచి 'బాచిలర్' అనే ఓడలో నార్త్ కరోలినాకు బయల్దేరినవాళ్లు. తుపానుకు ఓడ దెబ్బతిని చలికాలమంతా షెట్లాండ్‌లోనే చిక్కుకుపోయారు.

వాళ్లలో విలియం గోర్డన్ ఒకడు. సదర్లండ్ ప్రాంతంలోని క్లైన్ పారిష్ (ఒక చర్చి కింద ఉండే ఊళ్ల ప్రాంతం) రైతు, వయసు 60 దాటింది, కాలు కుంటి. తన తాత 8 మెర్కులు (పాత స్కాట్లాండ్ డబ్బు) కట్టిన భూమికి తాను 60 మెర్కులు కట్టాల్సి వచ్చిందని చెప్పాడు. ఆ భూమి చేతులు మారిన ప్రతిసారీ కౌలు పెరిగింది. చివరికి కొన్న ఆసామి మొత్తాన్ని ఒకే గుత్తదారుకు పెద్ద మొత్తానికి అప్పగించాడు, అతగాడు తన లాభం కూడా రైతుల దగ్గరే పిండుకున్నాడు. పశువులు చలికి చచ్చాయి. ఇద్దరు కొడుకులు అప్పటికే కరోలినాలో స్థిరపడి, రమ్మని ఉత్తరాలు రాశారు. తాను ముసలివాణ్ణి, కుంటివాణ్ణి కాబట్టి ఏ దేశంలో చచ్చినా ఒకటేనని, పిల్లల బాగు కోసమే వెళ్తున్నానని అధికారుల ముందు చెప్పుకున్నాడు. ఇంత చేసీ ఆ ఓడ కరోలినా చేరనే లేదు.

కెనడాలో, ఆస్ట్రేలియాలో, న్యూజిలాండ్‌లో స్కాటిష్ మూలాలున్న ఇళ్లలో తరచూ వినిపించే కథ వేరు. గొర్రెల కోసం దొరలు ఇళ్లు తగలబెట్టి మా పూర్వీకుల్ని తరిమేశారు అంటారు. అది జరిగింది, అందులో అనుమానం లేదు. 1814లో స్ట్రాత్‌నేవర్ లోయలో ఇళ్లు కాల్చిన వ్యవహారంలో సదర్లండ్ ఎస్టేటు అధికారి పాట్రిక్ సెల్లర్‌పై కేసు నడిచింది. 1816లో ఇన్వర్నెస్ కోర్టు అతన్ని నిర్దోషిగా వదిలేసింది. కానీ గోర్డన్ వాంగ్మూలం దానికి 40 ఏళ్ల ముందుది. నిప్పు పెట్టేవాడు రాకముందే కౌలు లెక్క చాలామందిని ఓడ ఎక్కించింది. 1746లో కలోడన్ యుద్ధంలో జాకొబైట్లు, అంటే గద్దె దిగిన స్టువర్ట్ రాజవంశం తరఫు తిరుగుబాటుదారులు, ఓడిపోయాక తెగ నాయకుడికి కత్తి పట్టే మనుషుల అవసరం తీరిపోయింది. భూమి ఎంత రాబడి ఇస్తుందన్నదే అతనికి లెక్క అయింది.

ఇక్కడ దొరల తీరు చూస్తే కోపం వస్తుంది. 1803లో పార్లమెంటు ప్రయాణికుల ఓడల చట్టం తెచ్చింది. ఓడలో ఎంతమందిని ఎక్కించాలి, తిండీ నీళ్లూ ఎంత పెట్టాలి అని నియమాలు పెట్టింది. చూడ్డానికి దయగానే ఉంటుంది. టికెట్ ధర మాత్రం పేదవాడికి అందనంత పెరిగింది. పశ్చిమ దీవుల దొరలకు కావలసిందీ అదే. సముద్రపు నాచును ఒడ్డున కాల్చి తీసే కెల్ప్ బూడిదకు సబ్బు, గాజు తయారీలో మంచి గిరాకీ ఉండేది, ఆ పనికి చవక కూలీలు కావాలి. నెపోలియన్ యుద్ధాలు ముగిశాక కెల్ప్ ధర కుప్పకూలింది. నిన్నటిదాకా వెళ్లొద్దన్నవాళ్లే కొందరు, ఛార్జీలు మేమే పెట్టుకుంటాం, దయచేయండి అన్నారు. 1846లో బంగాళాదుంప పంటకు తెగులు పట్టాక ఇది ఇంకా ముదిరింది. 1852-57 మధ్య హైలాండ్ అండ్ ఐలాండ్ ఎమిగ్రేషన్ సొసైటీ అనే ఒక్క వలస సంఘమే దాదాపు 5,000 మందిని ఆస్ట్రేలియా పంపింది.

1813లో సదర్లండ్‌లోని కిల్డోనన్ లోయ జనం తమను ఖాళీ చేయించడానికి ఎదురు తిరిగితే సైన్యాన్ని దింపారు. వాళ్లలో కొందరిని సెల్కర్క్ ప్రభువు కెనడాలోని తన రెడ్ రివర్ వలసకు తీసుకెళ్లాడు. ఓడలో టైఫస్ అనే అంటు జ్వరం వ్యాపించింది. కెప్టెన్ వాళ్లను దింపాల్సిన యార్క్ ఫ్యాక్టరీలో (పేరుకే ఫ్యాక్టరీ, నిజానికి వర్తక స్థావరం) కాకుండా హడ్సన్ బే ఒడ్డున చర్చిల్‌లో దింపేశాడు. గడ్డకట్టే ఆ చలిలో చలికాలం గడిపి, వసంతంలో సుమారు 50 మంది మంచు మీద నడిచి యార్క్ ఫ్యాక్టరీ చేరారు. ఆ రెడ్ రివర్ వలస చోటే పెరిగిన విన్నిపెగ్ నగరంలో ఈస్ట్ కిల్డోనన్, వెస్ట్ కిల్డోనన్ అనే పేటలు ఇప్పటికీ ఉన్నాయి. అయితే వాళ్లు దిగిన నేల ఖాళీగా ఏమీ లేదు. 1817లో సెల్కర్క్ పెగ్విస్ తదితర స్థానిక నాయకులతో ఒప్పందం చేసుకున్నాడు, ఏటా ఇవ్వాల్సిన ప్రతిఫలం పొగాకు. నేల పోగొట్టుకున్నవాళ్లే ఇంకొకరి నేల మీద స్థిరపడిన ఈ సంగతి కుటుంబ కథల్లో అంతగా కనిపించదు.

కాస్త కలిగిన ఇళ్లవాళ్ల దారి వేరు, వాళ్లు ఈస్టిండియా కంపెనీ కొలువు చూసుకునేవారు. లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో పుట్టి, అక్కడే కస్టమ్స్ ఉద్యోగం చేసిన కాలిన్ మెకంజీ 1783లో మద్రాసు వచ్చాడు. మన ఊళ్ల కైఫియతులను, అంటే స్థానిక చరిత్రలను, తన దగ్గర పనిచేసిన కావలి సోదరులతో సేకరింపజేసింది ఆయనే.

ఇప్పుడు మూలాలు వెతికేవాళ్లకు 1855 పెద్ద గడప. ఆ ఏడాది జనవరి 1 నుంచి జనన, వివాహ, మరణాల నమోదు తప్పనిసరి అయింది. స్కాట్లాండ్ మరణ పత్రంలో తల్లి పుట్టింటి పేరు కూడా ఉంటుంది కాబట్టి ఒక్క కాగితంతో రెండు వంశాలు తెలుస్తాయి. అంతకు ముందైతే పారిష్ రిజిస్టర్లే దిక్కు. స్కాట్లాండ్ ఉత్తరపు కొండసీమ హైలాండ్స్‌లో చాలా పారిష్‌లవి ఆలస్యంగా మొదలయ్యాయి, మధ్యలో ఖాళీలూ ఎక్కువ. పైగా ఇంటికో డోనల్డ్. పెద్ద కొడుక్కి తండ్రి వైపు తాత పేరు, రెండోవాడికి తల్లి వైపు తాత పేరు పెట్టే ఆచారం ఉండటంతో ఒకే ఊళ్లో ఒకే పేరుతో అరడజను మంది తేలతారు.

బ్రిటన్ రేవుల నుంచి బయటికి వెళ్లినవారి జాబితాలు వరుసగా దొరికేది 1890 నుంచే. 1886 చట్టం చిన్న రైతులకు భూమి మీద భద్రత ఇచ్చాక కూడా వలస ఆగలేదు. 1923 ఏప్రిల్‌లో స్టోర్నోవే నుంచి 'మెటగామా' ఓడలో సుమారు 300 మంది పడుచువాళ్లు కెనడా వెళ్లారు, అలాంటివాళ్లను ఆ జాబితాల్లో పట్టుకోవచ్చు. 1813 నాటివాళ్ల జాడ కావాలంటే దొరల కౌలు లెక్కలు తిరగేయాలి. సదర్లండ్ ఎస్టేటు కాగితాలు ఎడిన్‌బరోలోని నేషనల్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిలో ఏ రైతు ఎంత బాకీ పడ్డాడో దొరుకుతుంది, గోర్డన్ చెప్పినట్టు ఎందుకు వెళ్లాడో మాత్రం చాలా అరుదు.