రాక్ స్ప్రింగ్స్ నెత్తుటి వెనుక బొగ్గు

1885 సెప్టెంబర్ 2న అమెరికాలోని వయోమింగ్ టెరిటరీలో, రాక్ స్ప్రింగ్స్ అనే గనుల ఊళ్లో తెల్ల కార్మికులు చైనా కార్మికుల మీద పడి 28 మందిని చంపారు, వాళ్ల ఇళ్లకు నిప్పు పెట్టారు. ఆ పొద్దున గొడవ రాజుకుంది ఆరో నంబరు గనిలో. బొగ్గు తవ్వుకునే గది ఎవరిదన్నదే తగాదా. తవ్విన బొగ్గును బట్టే కూలి కాబట్టి, మంచి గది చేజారితే పొయ్యి మీదకి తిండి తగ్గినట్టే. జాతి ద్వేషం ఉంది, కాదనలేం. దాన్ని పదేళ్లుగా మేపింది మాత్రం రైల్వే కంపెనీ.

ఆ రైల్వే కంపెనీ పేరు యూనియన్ పసిఫిక్. దానికి పట్టాలతోపాటు నేల కూడా దక్కింది. 1864 చట్టం ప్రకారం వేసిన ప్రతి మైలుకూ రెండు పక్కలా పదేసి చదరపు మైళ్లు, చదరంగం గళ్లలా ఒకటి విడిచి ఒకటి. కింద బొగ్గుంటే అదీ కంపెనీదే. చెట్టన్నది అరుదైన ఆ మైదానాల్లో ఇంజన్లకు కట్టెలెక్కడివి? అందుకే 1868లోనే కార్బన్ అనే ఊళ్లోనూ, రాక్ స్ప్రింగ్స్‌లోనూ గనులు తెరిచారు. ఇంజన్లు కాల్చగా మిగిలింది నెబ్రాస్కా ఇళ్ల పొయ్యిల్లోకి చేరేది. ఇంకెవరైనా గని తవ్వినా సరుకు ఎక్కించాల్సింది అదే రైలు, కట్టాల్సింది అది చెప్పిన కిరాయే. కొనేదీ మోసేదీ కూలిచ్చేదీ ఒక్కరే అయ్యాక కార్మికుడు బేరమాడేది ఎవరితో?

1875లో కూలి కోస్తే సమ్మె కట్టారు. కంపెనీ సైనికుల కాపలాలో చైనీయులను దించి, పాతవాళ్లలో కొద్దిమందినే మళ్లీ పెట్టుకుంది. 1885 నాటికి రాక్ స్ప్రింగ్స్ గనుల్లో తెల్లవాళ్లు 150 మంది ఉంటే, చైనీయులు 330 దాకా ఉన్నారు. వీళ్లు సుఖపడిందీ లేదు. 1881లో అదే వయోమింగ్‌లోని ఆల్మీ అనే ఊళ్లో గని పేలి 38 మంది పోతే, అందులో 35 మంది చైనీయులే.

మారణకాండ తర్వాత, ప్రాణాలతో బయటపడ్డవాళ్లను శాన్‌ఫ్రాన్సిస్కో పంపుతామని రైలెక్కించి, తిరిగి రాక్ స్ప్రింగ్స్‌లోనే దించారు. కాలిన శవాలు ఇంకా అక్కడే పడి ఉన్నాయి. నాకు ఈ మోసం ఆ హత్యలంత ఘోరంగానే కనిపిస్తుంది. అరెస్టయిన 16 మందిలో ఒక్కరిమీదా అభియోగం నిలవలేదు. 1887లో అమెరికా కాంగ్రెస్ 1,47,748 డాలర్ల పరిహారం ఇచ్చింది, అదీ ఆస్తి నష్టానికే. హత్యల తర్వాత దిగిన కాపలా సైన్యం 1899 దాకా అక్కడే ఉంది, గనులు నడిచాయి.