కొత్త టీవీలో బొమ్మ మసగ్గా ఉందా? ముందుగా, వెనకున్న వైరు చూడండి

మొన్న పండక్కి పిన్ని వాళ్ళింటికి వెళ్తే కొత్త ఫోర్‌కే టీవీలో బొమ్మ అలుక్కుపోయినట్టుంది, ఇంట్లో అందరూ టీవీనే తిడుతున్నారు. వెనక్కి వెళ్ళి చూస్తే సెట్‌టాప్ బాక్స్ నుంచి పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల పాత వైరే తగిలించి ఉంది. ఆ మూడింటిలో బొమ్మను మోసేది పసుపు పిన్ను ఒక్కటే, మిగతా రెండూ సౌండ్‌కి. వెలుగు, రంగు రెండూ కలగలిసి ఆ ఒక్క తీగలోనే వస్తాయి, వాటిని మళ్ళీ పూర్తిగా విడదీయడం టీవీ వల్ల కాదు, అందుకే అక్షరాల అంచుల్లో రంగులు పాకుతుంటాయి. పైగా ఆ దారిలో వచ్చేది 576 గీతల బొమ్మ, తెరకేమో 2,160 వరసలు! బాక్స్‌కి, బొమ్మనీ సౌండ్‌నీ ఒకే కేబుల్లో పంపే హెచ్‌డీఎంఐ పోర్టు ఉంది కాబట్టి ఆ కేబుల్ పెట్టి హెచ్‌డీ ఛానెల్ తిప్పాం, అంతే, పిన్ని మొహం వెలిగిపోయింది.

ఇక ఏ హెచ్‌డీఎంఐ కేబుల్ కొనాలి? బంగారు పూత ఉంటే రంగులు బాగా వస్తాయని షాపులో చెబితే నమ్మకండి. ఆ పూత పిన్నులు తుప్పు పట్టకుండా కాపాడుతుంది, అంతవరకే. ఈ తీగలో వెళ్ళేవి సున్నాలూ ఒకట్లూ, అవి సరిగ్గా చేరితే రెండొందల కేబులైనా రెండు వేల కేబులైనా బొమ్మ ఒకటే. చేరకపోతే తెర మీద చుక్కలు మెరుస్తాయి, మధ్యమధ్యలో నల్లబడుతుంది, లేదా బొమ్మే రాదు.

చూడాల్సింది వేగం. ఫోర్‌కే తెరకి దాదాపు 83 లక్షల చుక్కలు, ఒక్కో చుక్కకి 24 బిట్లు (ఆ సున్నాలూ ఒకట్లే), సెకనుకి 60 సార్లు అంటే దాదాపు 1,200 కోట్ల బిట్లు, అదనపు సంకేతాలూ కలిపితే సెకనుకి 18 గిగాబిట్ల దారి కావాలి (గిగాబిట్ అంటే వంద కోట్ల బిట్లు). దానికి ప్రీమియం హై స్పీడ్ అని రాసున్న కేబుల్ చాలు. ప్లేస్టేషన్ 5 లాంటి గేమ్ బాక్స్‌లో ఫోర్‌కేని సెకనుకి 120 ఫ్రేముల్లో ఆడాలంటే మాత్రం 48 గిగాబిట్ల అల్ట్రా హై స్పీడ్ తీసుకోండి, పెట్టె మీద స్కాన్ చేసి చూసుకునే లేబుల్ ఉంటుంది. సౌండ్‌బార్ ఉంటే దాని హెచ్‌డీఎంఐ కేబుల్‌ని టీవీలో ఏఆర్‌సీ అని రాసున్న పోర్టుకే పెట్టాలి, టీవీ సౌండ్‌ని బయటికి పంపేది అదే.

పొడవు పెరిగేకొద్దీ రాగి తీగలో సిగ్నల్ నీరసిస్తుంది, కాబట్టి రెండు మీటర్లు సరిపోయేచోట ఐదు కొనొద్దు. హాల్ అవతల ప్రొజెక్టర్ దాకా లాగాలంటే రాగికి బదులు కాంతితో సిగ్నల్ పంపే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ మేలు, కాకపోతే దానికి మామూలుగా ఒక చివర బాక్స్ వైపు, ఇంకో చివర తెర వైపు అని ఉంటుంది, తిరగేస్తే బొమ్మ రాదు. గోడలోకి దించేముందే రెండు చివరలూ తగిలించి చూసుకోండి, లేదంటే ప్లాస్టరింగ్ అయ్యాక మళ్ళీ గోడ పగలగొట్టాల్సి వస్తుంది.